సీసపు పైపుల సమగ్ర నిర్మూలన పథకం

పట్టణంలోని సీసపు మంచినీటి పైపులన్నిటినీ సమూలంగా మార్చేందుకు పై నుంచి నిధులు మంజూరయ్యాయని పురపాలక సంఘం అధ్యక్షులవారు ప్రకటించిన రోజున, చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, అవి ఆగేలోపు వారికి రెండుసార్లు దాహం వేసింది. రెండుసార్లూ వారు సీలు వేసిన సీసాలోని నీళ్లే తాగారు. కుళాయి నీళ్ల మీద వారికి అపారమైన నమ్మకం ఉంది. ఆ నమ్మకాన్ని అనవసరంగా పరీక్షకు పెట్టడం వారికి ఇష్టం లేదు.

వెనక వరసలో నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టినవాడు నీటి విభాగం ఫిట్టరు. ముప్ఫై ఏళ్లుగా నడుముకి పానా వేలాడుతూనే ఉండడంతో వీధి వీధంతా ఆయన్ని పానా బాబాయి అనేది. ఆయన సంబరానికి కారణం ఉంది. ఆయన మనవరాలికి ఐదేళ్లు. గడగడా అప్పజెప్పే అక్షరాలను ఆ పిల్ల ఉన్నట్టుండి మరిచిపోతుంటే, డాక్టరు రక్తం తీయించి, "ఒంట్లో సీసం చేరిందయ్యా. ముందు మీ ఇంటి పైపు పీకించు" అన్నాడు. పైపులు పీకడమే తన ఉద్యోగం కదా అనుకున్నాడు బాబాయి. ఆ ఉద్యోగంలో ఉన్నవాడు అనుమతి లేకుండా సొంత పైపును ముట్టుకోకూడదని ఆఫీసువాళ్లు చెప్పాక తెలిసింది.

నిధుల నిబంధనలు చాలా స్పష్టంగా ఉన్నాయి. సీసపు పైపులు ఎక్కడున్నాయో జాబితా ఇస్తే తవ్వకానికి డబ్బిస్తారు; తవ్వితేనే గాని జాబితా రాదు. ఈ చిక్కుముడి విప్పడానికి ఒక సలహాదారుని నియమించారు. ఆయన ఎనిమిది నెలలు శ్రమించి పట్టణ పటానికి నాలుగు రంగులు వేశాడు. ఎరుపంటే సీసం ఉండొచ్చు. పసుపంటే ఉండకపోవచ్చు. ఆకుపచ్చంటే ఉండీ ఉండకపోవచ్చు. నీలమంటే నది. పటం ఎంత ముద్దుగా ఉందంటే, చూసినవాళ్లంతా పైపుల సంగతే మరిచిపోయారు.

బాబాయి మరిచిపోలేదు. చెయ్యెత్తాడు.

"అయ్యా, ఇంత తంటా ఎందుకండీ? మీటరు దగ్గర పైపు బయటికే కనిపిస్తుంది. గోరుతో గీకితే వెండిలా మెరిసిందా, అది సీసమే. నాకో నెల ఇవ్వండి, ఊరంతా గీకేసొస్తాను."

సలహాదారు జాలిగా నవ్వాడు. "చూడండి, గోరు ఈ ప్రణాళికలో ఆమోదిత పరికరం కాదు."

గోరును ఆమోదించే విషయం పరిశీలించడానికి వెంటనే ఒక ఉపసంఘం వేశారు. బాబాయిని అందులో చేర్చుకోలేదు. ఆయనకి గోళ్లున్నాయి కాబట్టి నిష్పాక్షికంగా ఉండలేడట.

చివరికి పథకం బాబాయి వీధికి వచ్చింది. గేటు దాకా పైపు పురపాలక సంఘం మారుస్తుంది. గేటు లోపలిది ఇంటివారే మార్చుకోవాలి. వీధిలో అందరూ ఒప్పుకుంటేనే పని మొదలవుతుంది. బాబాయి ఒక్కడే ఒప్పుకున్నాడు.

"మా నాన్న ఈ నీళ్లే తాగి తొంభై ఏళ్లు బతికాడోయ్" అన్నారు ఎదురింటి రిటైర్డ్ హెడ్మాస్టారు. "ముచ్చటపడి వేయించుకున్న పాలరాయి, పైపు కోసం పగలగొట్టుకోమంటావా? పిల్లకి అక్షరాలు రాకపోతే బెత్తం లేదూ!"

ఆ మాట బాబాయికి ఎక్కడో తగిలింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, ఆదివారం పొద్దున్నే వీధి మధ్య నుంచి వంటింటి దాకా తన పైపు తానే పీకేసి కొత్తది బిగించాడు. పీకిన సీసాన్ని చుట్ట చుట్టి, భుజానేసుకుని పాతసామాను కొట్టుకి నడిచాడు. తిరిగొస్తుంటే హెడ్మాస్టారు ఆపారు.

"ఏమోయ్, దాన్ని కూడా కొంటారా?"

"కొన్నారండీ. కొత్త పైపు ఖర్చు పోను ఇంకా మిగిలింది."

మాస్టారి కళ్లలో ఏదో తళుక్కుమంది. ముప్ఫై ఏళ్లు పైపులు గీకిన మనిషి బాబాయి. మెరుపును బట్టి లోపలేముందో చెప్పగలడు.

"వచ్చే వారం రేటు పడిపోతుందట మాస్టారూ" అన్నాడు తాపీగా.

గంట తిరక్కుండా పాలరాయి పగిలింది. మధ్యాహ్నానికి గడ్డపార పట్టని చెయ్యి లేదు. "బాబాయ్, ముందు మా ఇంటికి!" "కాదు బాబాయ్, మాది లావు పైపు!" అంటూ ఆయన్ని తలోవైపు లాగారు. గేటు దగ్గర ఎవరూ ఆగలేదు. రోడ్డు మధ్యదాకా తవ్వుకుపోయారు. కొందరు ఉత్సాహం పట్టలేక పైపు లేనిచోట కూడా తవ్వారు. తొమ్మిది రోజుల్లో వీధిలో సీసమన్నది లేకుండా పోయింది. పదో రోజున అధ్యక్షులవారు విచ్చేసి, ప్రణాళికాబద్ధంగా నడుచుకుంటే సాధ్యం కానిది లేదని ఉపన్యసించి, సలహాదారుకి జ్ఞాపిక, బాబాయికి మెమో అందజేశారు.

మూడు నెలల తరవాత బాబాయి మనవరాల్ని మళ్లీ డాక్టరుకి చూపించాడు. సీసం బాగా తగ్గిందన్నాడాయన. వచ్చేటప్పుడు ఆ పిల్ల దారి పొడుగునా దుకాణాల బోర్డులు కూడబలుక్కుని అరిచి చదువుతుంటే, అన్నీ తప్పులే అయినా బాబాయి ఒక్కటీ దిద్దలేదు.

ఇంటి ముందు వీధంతా గుమిగూడి ఉంది. హెడ్మాస్టారు ముందుకొచ్చి, అందరూ సంతకాలు చేసిన అర్జీ ఆయన చేతిలో పెట్టారు. తన మెమో రద్దు చేయమని కాబోలు అనుకుని, కళ్లు తుడుచుకుని చదివాడు బాబాయి.

తమ ఇంట్లోంచి తీసిన పైపుకన్నా పక్కింట్లోంచి తీసిన పైపు ఎందుకు పొడుగ్గా ఉందో తక్షణం విచారణ జరిపించాలని వీధిలోని ఇంటింటివారూ ముక్తకంఠంతో కోరుతున్నారు.