తప్పులు పట్టే మహానుభావులు కావలెను

కస్టమర్ల ఫిర్యాదులంత గొప్ప వరం వ్యాపారికి మరొకటి లేదు! నవ్వకండి. ముప్పై ఏళ్ళుగా నేను వాటి మీదే బతుకుతున్నాను.

మాది జర్మనీలో, థురింగియా రాష్ట్రంలోని సాల్‌ఫెల్డ్ ఊరు. బొమ్మ రైళ్ళకు ప్లాస్టిక్ విడిభాగాలు పోస్తాం. నిచ్చెనలు, బ్రేకు గొట్టాలు, తలుపు పిడులు. అన్నీ అసలుదానిలో ఎనభై ఏడో వంతు. గట్టిగా తుమ్మితే సగం రోజు పని ఎగిరిపోతుంది.

వీటిని కొనేది పిల్లలనుకున్నారా? కాదండీ, పింఛను పుచ్చుకునే పెద్దమనుషులు! ఒక చేతిలో భూతద్దం, మరో చేతిలో పాత రైల్వే ఫోటో. వాళ్ళలో అగ్రగణ్యుడు హెర్ వీగాండ్, అంటే వీగాండ్ గారు, రిటైరైన సిగ్నల్ ఇన్‌స్పెక్టరు. ఒకసారి వ్యాగన్ నిచ్చెన పంపితే మూడు పేజీల ఉత్తరం రాశాడు. "ఆ రకం వ్యాగన్లకు ఆరు మెట్లే. మీరు ఏడు పెట్టారు. నాకు అన్నం సహించడం లేదు."

దీన్ని విసుగంటారా? నేను మెట్టు తీసేసి, "సవరించినది" అని కొత్త ప్యాకెట్ వేశాను. ఏడు మెట్లది కొన్నవాళ్ళంతా సిగ్గుపడి మళ్ళీ కొన్నారు! మెచ్చుకునేవాడు ఒకసారి కొంటాడు. తప్పు పట్టేవాడు మూడుసార్లు కొంటాడు, పక్కవాడి చేతా కొనిపిస్తాడు. ఇంత లాభసాటి తిట్లు ఇంకే వ్యాపారంలో ఉన్నాయి?

ఈ ఏడాది రైలు వెనక దీపానికి ఉక్కు అచ్చు చెక్కడానికే నాలుగు నెలలు పట్టింది. ఈ సరుకు కదిలితేనే పోత యంత్రం మా షెడ్డులో ఉంటుంది. లేకపోతే అమ్మేసుకోవాలి. బజారులో పెట్టి రెండు నెలలైంది. ఒక్క ఫిర్యాదూ లేదు!

"సంతోషించు. ఇన్నాళ్ళకి ఒకటి సరిగ్గా చేశావ్," అంది ప్యాకెట్లు కట్టే నా భార్య అల్ముట్.

"అపశకునం మాటలాడకు," అన్నాను.

మొన్న రైళ్ళ ప్రదర్శనలో హెర్ వీగాండ్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. దీపం మీద భూతద్దం పెట్టి ఐదు నిమిషాలు చూశాడు.

"తప్పేం లేదు, హెర్ ప్రోయ్స్."

నా గుండె జారిపోయింది.

"ఇంకోసారి చూడండి సార్. ఆ పిడి కాస్త లావుగా లేదూ?"

"అబ్బే, అచ్చం దిగింది. అందుకే ఒకటివ్వండి."

"ఒక్కటేనా? మీ క్లబ్బులో నలభై మంది కదా!"

"కొలతలకి ఒకటి చాలు. మా అల్లుడు ప్లాస్టిక్ వస్తువులు తీసే త్రీడీ ప్రింటర్ కొనిపెట్టాడు. మిగతావాళ్ళందరికీ ఇంట్లోనే ప్రింట్ తీసిస్తా."

అల్ముట్ ప్యాకెట్ ఆయన ముందు ఠపీమని పెట్టింది. "సంచి ఇవ్వమంటారా, అదీ ఇంట్లోనే తీసుకుంటారా?"

ఆయన ఏమీ అనుకోలేదు. ఆప్యాయంగా నా భుజం తట్టాడు.

"దిగులు పడకండి. తేడా కనపడితే తప్పకుండా ఉత్తరం రాస్తా. మీరు సరిచేసి ఒక్కటి పంపండి చాలు, నలభైకి నలభై మళ్ళీ ప్రింట్ తీసేస్తా."