టెలిఫోనులో శ్రమ విభజన

ప్రపంచంలో పనికివచ్చే ప్రతి వస్తువునూ స్కాట్లండువారే కనిపెట్టారని 1991 నవంబరు ముప్పైన, ఒమాన్ దేశంలో సలాలాకు ఎనభై కిలోమీటర్ల అవతల ఒక రోడ్ల కంపెనీ క్యాంపులో ఏకగ్రీవంగా తీర్మానించడమైనది. ప్రతిపాదించినవారు మేనేజరు, స్కాట్లండు దొర. ఆ రోజు వాళ్ళ దేశానికి పండగ. బలపరచినవారు ఆఫీసు సూపరింటెండెంటు సత్యనారాయణమూర్తిగారు, కాకినాడ. మిగతా నూట నలభైమందీ బిర్యానీ ఎప్పుడు పెడతారా అని చేతులెత్తారు.

మూర్తిగారు అక్కడితో ఆగలేదు. వారం తిరక్కముందే క్యాంపులో కనబడ్డవాటికల్లా ఇత్తడి పలకలు బిగించారు. లారీ చక్రానికి గాలి టైరు చేసినవాడి పేరు, టీవీకి దాన్ని మొదట చేసి చూపించినవాడి పేరు, వానకోటుకు, పెన్సిలిన్ సీసాకు. అందరూ ఆ గడ్డమీద పుట్టినవాళ్ళే. రోడ్డు రోలరు నడిపే ఓబయ్యది రాజంపేట దగ్గర పల్లె. అతని రోలరుకు ఆవిరి యంత్రాన్ని బాగుచేసినవాడి పలక దక్కింది. ఇది డీజిలుతో కదా నడిచేది అన్నాడు ఓబయ్య.

"మర్యాద డీజిలుకి కాదయ్యా, మూలపురుషుడికి," అన్నారు మూర్తిగారు.

అన్నిటికన్నా పెద్ద పలక టెలిఫోనుకు. అంత గొప్ప వస్తువును ఊరికే వదలకూడదు కనుక చెక్కపెట్టెలో పెట్టి తాళం వేశారు.

తరువాత దొర ఇచ్చిన పుస్తకంలో మూర్తిగారు శ్రమ విభజన గురించి చదివారు. అదీ ఒక స్కాట్లండు మేధావి చెప్పినదే. ఒక్క గుండుసూదిని పదిమంది పంచుకుని చేస్తే పని ఎన్నో రెట్లు పెరుగుతుందట. క్యాంపులో గుండుసూదులు చెయ్యరు. అందుకని సిద్ధాంతాన్ని టెలిఫోనుకు అమలుచేశారు. తాళం తీయడం కమ్రాన్ పని. నంబరు తిప్పడం జయదేవ్ పని. మూడు నిమిషాలు చూసి గంట కొట్టడం ఇనాయత్ పని. మాట్లాడటానికి భాష బాగుండాలి కాబట్టి అది మూర్తిగారి పని. ఫోను ఎవరిదో వాడి పని పక్కన నిలబడటం. ఒక్కొక్కరికి వంతు మూడు నెలలకొకసారి.

అప్పుడే ఓబయ్యకు భార్య పెంచలమ్మ రాయించిన ఉత్తరం వచ్చింది. కడుపులో గడ్డ. కోసి తీయకపోతే బతకదన్నాడట డాక్టరు. మత్తిస్తే మళ్ళీ లేస్తానో లేదో, నువ్వు నీ నోటితో చేయించుకో అంటేనే బల్లెక్కుతాను, శుక్రవారం పదింటికి కడపలో ఆస్పత్రి ఫోను దగ్గర ఉంటాను అని.

"సార్, ఒక్క మాట నేను చెప్తా. చేపిచ్చుకోమ్మే అని. అంతే."

"నీ మాట నేను చెబుతాగా. నువ్వయితే ఏడుస్తావు. మూడు నిమిషాలూ ఏడుపుకే చాలవు."

శుక్రవారం కమ్రాన్ తాళం తీశాడు. జయదేవ్ నంబరు తిప్పాడు. ఎక్కడా పొరపాటు లేదు.

"అమ్మా, మత్తంటే మీరు భయపడనక్కర్లేదు. రోగులకి క్లోరోఫారం ఇచ్చి చూపించిన మహానుభావుడిది ఎడింబరో..."

"మా ఆయన యాడ సారూ?" ఆ గొంతు ఓబయ్యకు కూడా వినపడింది.

"ఇక్కడే ఉన్నారమ్మా. తల ఊపుతున్నారు."

"తల ఊపితే నాకేం వినపడతాది సారూ. ఆయప్పతో ఒక్క మాట అనిపీండి."

ఓబయ్య చెయ్యి చాపాడు. మూర్తిగారు ఆ చేతివంక చూశారు. ఓబయ్య చెయ్యి దించి మరింత గట్టిగా తల ఊపాడు. మూర్తిగారు ఎడింబరో వైద్యుడి బాల్యం దగ్గర ఉండగా ఇనాయత్ గంట కొట్టాడు. రిజిస్టరులో 'పని సక్రమంగా జరిగినది' అని రాశారు.

పరాయి మగాడి మాటమీద కడుపు కోయించుకోనని పెంచలమ్మ ఊరికి వెళ్ళిపోయింది. ఓబయ్య ఉత్తరం వేశాడు. అది చేరేసరికి గడ్డ కత్తికి అందకుండా పోయింది. శివరాత్రికి పెంచలమ్మా పోయింది. కబురు టెలిగ్రాంలో వచ్చింది. టెలిగ్రాం ఎవరు కనిపెట్టారో మూర్తిగారు పుస్తకంలో వెతికారు. స్కాట్లండువాడు కాదని తేలి కొంచెం బాధపడ్డారు.

ఓబయ్య ఇప్పుడు ఊళ్ళోనే ఉంటున్నాడు. అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

"ఆ ఫోను గుంజుకోలేకపోయినావా, ఓబయ్యా?"

"నువ్వయితే గుంజుకుందువా? మన తాసిల్దారు చేతిలోనించి?"

అడిగినవాడు తల ఊపుతాడు. అవునో కాదో తెలియదు.

ఇన్ని కనిపెట్టిన స్కాట్లండువారు తల ఊపు వినపడే టెలిఫోను మాత్రం కనిపెట్టలేదు. వాళ్ళను అని లాభం లేదు. ఆ అవసరం మనది.