రెండు తాళాల పసుపు

ఆ పొద్దు చొప్పదండి కొండల్‌కు ఉన్న పని ఒక్కటే. కిలో పసుపు కొమ్ములు సంచిలో కట్టి హైదరాబాదు ల్యాబుకు పంపాలి. నిల్వ గదిలో పురుగు పట్టకుండా పెట్టిన మందు బిళ్లల విషం పసుపులో ఎంత మిగిలిందో వాళ్లు కొలుస్తారు. హద్దులోపలే ఉందని రాసిస్తే నలభై బస్తాలూ దుబాయి సేటుకు పోతాయి. లేకపోతే ఏడాది కష్టం పెరటి గదిలోనే మూలుగుతుంది.

సంచి కట్టి కొండల్ స్నానానికి పోయాడు. ఆ కట్టు చూసి భార్య వినోదకు ప్రాణం ఒప్పలేదు. దుబాయిలో ఉన్న తమ్ముడికి పదేళ్లుగా పార్సిళ్లు కట్టిన చెయ్యి ఆమెది. సంచి విప్పి, బట్టల పెట్టెలోని డాంబరు గోలీలు నాలుగు వేసి, టేపు చుట్టి, సుతిలి తాడుతో బిగించింది. కొండల్ చూసుకోకుండానే దాన్ని బస్సెక్కించాడు.

మూడు వారాలకు ల్యాబు నుంచి రోజారాణి మేడం ఫోన్ చేసింది. "మీ గదిలో పెట్టిన మందు హద్దులోపలే ఉందండి. కానీ డాంబరు గోలీల మందు నిండా ఉంది. సర్టిఫికెట్ ఇవ్వలేం, ఇంకో శాంపిల్ పంపండి."

"నా కొంప ముంచినవ్ గదనే!" అని నెత్తి కొట్టుకున్నాడు కొండల్.

"దారిల పురుగు పడితే గా సార్ల ముంగట ఇజ్జత్ పోదా?" అంది వినోద.

"దాన్నెందుకు తిడ్తవ్ కొడుకా? నేను సుత గుప్పెడు యాపాకు ఏసిన," అంది తల్లి భూమవ్వ.

కొండల్‌కు ఏడుపొక్కటే తక్కువ. ఈలోగా వానలు పడి పసుపులో పురుగు కనిపించింది. మళ్లీ మందు పెట్టక తప్పలేదు. ఐదు రోజులు గది మూసి, ఆ తర్వాత వారం పాటు తలుపులు బార్లా తెరవాలని దుకాణదారు చెప్పాడు. తెరిస్తే ఈ ఇద్దరు ఆడవాళ్ల నుంచి పసుపును కాపాడేదెవరు? కొండల్ గదికి రెండు తాళాలు వేసి, తాళం చెవులు మొలతాడుకు కట్టుకున్నాడు.

"గాలి ఆడాలన్నరు గదా?" అని వినోద అడిగింది.

"గాలి ఆడితే నీ చెయ్యి సుత ఆడుతది. దూరం జరుగు!"

పన్నెండో రోజున తాళాలు తీసి, శాంపిల్ తానే కట్టి, మళ్లీ తాళాలు వేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని, కునుకు తీయకుండా హైదరాబాదు చేర్చాడు.

ఈసారి ఫోన్‌లో రోజారాణి గొంతు గంభీరంగా ఉంది. "వేరే మందు ఏదీ లేదండి. గది మందే హద్దు దాటింది. గాలి తగలనిచ్చారా?"

కొండల్ ఫోన్ పెట్టేశాడు. మొదటిసారి మందు పెట్టినప్పుడు వినోద రోజూ ఆ గది తలుపులు తీసి ఊడ్చేదని అప్పుడు గుర్తొచ్చింది. తిట్టడానికి ఇంట్లో తను తప్ప ఎవరూ మిగల్లేదు. తాళాలు తీసేసి, గడప మీద కూర్చుని నిజంగానే ఏడ్చాడు.

సాయంత్రం బావమరిది సాయిచంద్ దుబాయి నుంచి ఫోన్ చేశాడు. "బావా, సేటు ఇగ ఆగలే. మీ పక్కింటి నాగయ్య పసుపు తీసుకున్నడు."

"వాని పసుపు పాసయ్యిందా?"

"ఒక్కపారికే!"

నాగయ్య పసుపు పోసిన గదికి తలుపే లేదు.