నూటికి తొంభై

పాప లేచేలోగా బట్టలు ఉతికేసి, తలస్నానం కూడా కానిచ్చేయాలని ఆ ఉదయం ఆమె అనుకుంది. "పడగ్గదిలో లాప్‌టాప్ ఆపకు, లెక్క నడుస్తోంది" అని చెప్పి భర్త ఆఫీసుకు వెళ్లాడు.

ఏదైనా జరిగే అవకాశం ఎంతని జనం అనుకుంటారో, నిజానికి ఎంతో లెక్కకట్టడం ఆయన ఉద్యోగం. చేతికి సులువుగా దొరికిన మనిషి భార్య. పాలు విరుగుతాయా, పిల్ల మెట్లమీద జారుతుందా అని రోజూ అడిగేవాడు. ఏదడిగినా ఆమె "నూటికి తొంభై" అనేది. తీరా నిజంగా జరిగేది నూటికి రెండేనట. ఆ జవాబులన్నీ పోగేసి, అచ్చం ఆమెలా భయపడి, ఆమె గొంతుతోనే మాట్లాడే బొమ్మనొకదాన్ని లాప్‌టాప్‌లో తయారుచేశాడు. చెవినపడిన ప్రతి మాటకూ అది బదులిస్తుంది.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి పడగ్గది తలుపు మూసి ఉంది. పాప, ఆ మూడేళ్ల బుడంకాయ, నిద్రలేచి లోపల గడియ పెట్టేసుకుంది. కొత్తగా నేర్చిన విద్య మరి.

"బుడంకాయ్, తలుపు తియ్యమ్మా."

"ఎవలూ?"

"అమ్మనే."

లోపలినుంచి తన గొంతే, మెల్లగా: "తియ్యకు తల్లీ. బయట దొంగ ఉండే అవకాశం నూటికి తొంభై."

ఆమె తలుపుకు చెవి ఆనించింది.

"అమ్మ ఇక్కలే ఉంది" అంది బుడంకాయ లోపలినుంచి, కులాసాగా.

భర్తకు ఫోన్ చేసింది. "ఏవండీ, మీ బొమ్మ నన్ను దొంగంటోంది!"

"నీ తొంభై అంటే రెండేనే పిచ్చిదానా" అని నవ్వి పెట్టేశాడు.

వంటింట్లోంచి అత్తగారు వచ్చి తలుపు దబదబా బాదింది. "ఒసేయ్ మనవరాలా, నానమ్మనే!"

"ఇప్పుడు ఇద్దరొచ్చారు తల్లీ" అంది లోపలి గొంతు.

అత్తగారు కోడలిని ఎగాదిగా చూసింది. "ఇంతకీ నువ్వు... నువ్వేనా?"

ఆమె తన చెంప తడిమి చూసుకుంది.

పక్కింటి వడ్రంగి సుత్తి తెచ్చి ఒక్క దెబ్బ వేశాడు. "మంచం కిందికి దూరు తల్లీ, కదలకు" అంది గొంతు. అంతే, బుడంకాయ కిలకిలలు ఆగిపోయాయి. ఎంత పిలిచినా పలకలేదు.

ఆమె వడ్రంగి చెయ్యి పట్టుకుని ఆపింది. లోపలున్నదీ తనేగా! తనను ఎలా బెదరగొట్టాలో తనకు తెలియదా? తలుపుకు నోరు ఆనించి, "ఏమే, ఆ గదిలో ఫ్యాను ఊడిపడే అవకాశం ఎంతే?" అంది.

లోపలి గొంతు వణుకుతూ, "తొంభై... అయ్యయ్యో తల్లీ, బయటికి పరుగెత్తు!"

గడియ తీసిన చప్పుడైంది. బుడంకాయ వచ్చి ఆమె కాళ్లకు చుట్టుకుంది. కాసేపు ఆమెనూ, వెనక్కి తిరిగి గదినీ మార్చి మార్చి చూసి, "ఆ అమ్మ కూడా లావాలి" అంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చిన భర్త, ఫ్యాను ఊడిపడే అవకాశం నూటికి రెండు కూడా ఉండదని కాగితం మీద గీసి మరీ వివరించాడు. ఆ తర్వాత పరుపును గోడవారకు లాక్కుని పడుకున్నాడు.