మోహా టీ తాగిన పొద్దు

ఆ పొద్దున హమ్ము వేసుకున్న పథకానికి వంక పెట్టడానికేమీ లేదు. హమ్ము చేత గడ్డిరకాల మేపు పరీక్ష చేయిస్తున్న డాక్టర్ లమ్యా రాజధాని రబాత్ నుంచి పది గంటలకు వస్తుంది. కొండమీది పచ్చికబయల్లో కంచె వేసిన మూడు మడుల్లోనూ అయిదేసి రకాల గడ్డి వరసలుగా పెరుగుతోంది. ఆవిడ వచ్చేసరికి మొదటి మడిని గొర్రెలు మేసి నాలుగు వేళ్ళ ఎత్తు మిగల్చాలి, రెండోదాన్ని జానెడు మిగల్చాలి, మూడోదాన్ని ముట్టకూడదు. నాలుగు రకాలు విదేశాలవి. అయిదోది హమ్ము తన ఊరి వాలు మీద గింజా గింజా ఏరి తెచ్చింది. "ఆ పిచ్చిగడ్డి ఈసారి పీకేద్దాం" అని డాక్టరమ్మ ముందే కబురంపింది. మూడేళ్ళు బిడ్డలా సాకిన గడ్డి. హమ్ముకు కాలు ఒకచోట నిలవడం లేదు.

ఇత్తో అనే ముసలావిడ దగ్గర పన్నెండు గొర్రెల్ని అడిగి తెచ్చి మొదటి మడిలోకి తోలాడు. ఇక భయమల్లా కాపలా మోహాతోనే. గడ్డి గింజ పట్టేదాకా ఆ బయలంతా ఊరివాళ్ళకు మూసే ఉంటుంది. మోహా బయలు పైనున్న బండమీద కూర్చున్నంతకాలం మూసినట్టే. గొర్రె నీడ కనబడినా కొండ అదిరేలా అరుస్తాడు.

"మావయ్యా, దిగిరా, టీ పెట్టాను. ఈ గొర్రెల్ని చూసి గోల చెయ్యకు, డాక్టరమ్మ వస్తోంది."

"పుదీనా వేశావా?"

"వేశాను. చక్కెర కూడా దండిగా వేశాను. ముందు నువ్వు దిగు."

మోహా దిగాడు. కింద ఊళ్ళోవాళ్ళు తలెత్తి చూశారు. బండ ఖాళీగా ఉంది, బయల్లో గొర్రెలున్నాయి. తాతల నాటినుంచీ దానికి ఒకటే అర్థం: బయలు తెరిచారు. ముందు చేరినవాడిదే మంచి మేత.

మొదట ఇత్తోనే వచ్చింది, మిగిలిన మందనంతా తోలుకుని.

"నా గొర్రెలతో తెరిపించి నాకే చెప్పవేంరా?"

"తెరవలేదు పిన్నీ, ఇది పరీక్ష."

"ఆ కబుర్లు వెనకొచ్చేవాళ్ళకి చెప్పు."

వెనక దుమ్ము లేచింది. హమ్ము గట్టెక్కి, వెనక్కి పొమ్మని రెండు చేతులూ ఊపాడు. కిందివాళ్ళకు అది రమ్మన్నట్టు కనబడి, అడుగులు ఇంకా జోరందుకున్నాయి.

"మావయ్యా, నీకు దణ్ణం పెడతా, పోయి బండమీద కూర్చో."

మోహా గ్లాసు పడేసి పరుగు తీశాడు. కాపలావాడే తన మందకోసం పరిగెడుతున్నాడనుకుని, అంతదాకా అనుమానపడ్డవాళ్ళు కూడా దొడ్లు తెరిచేశారు.

తొమ్మిదికల్లా కంచె నేలపాలైంది. పదింటికి కారు వచ్చేసరికి నాలుగు వేళ్ళు, జానెడు, ముట్టనిది అన్న తేడా ఏ మడిలోనూ లేదు.

"తప్పంతా నాదే డాక్టరమ్మా," అన్నాడు హమ్ము. "ఆ గడ్డి మీద మాత్రం కోపం పెట్టుకోకండి."

ఆవిడ వినిపించుకోలేదు. మోకాళ్ళమీద కూర్చుని వరసలు చూస్తోంది. విదేశీ గడ్డి నాలుగు రకాలూ గొర్రెల పళ్ళకు వేళ్ళతో సహా ఊడివచ్చి వాడిపోతున్నాయి. అయిదో వరస నున్నగా గొరిగినట్టుంది గాని, మొదళ్ళు కదల్లేదు. ఆవిడ రెండు చేతులా పట్టి లాగింది. రాలేదు.

"ఇంత గట్టిగా మేపి చూడాలన్న ఆలోచన ఎవరిది?"

హమ్ము బండకేసి చూశాడు. మోహా అక్కడ ఎప్పుడూ దిగనివాడిలా కూర్చుని ఉన్నాడు.

"ఊరందరిదీనండి."

"ఇన్నాళ్ళూ మనం గడ్డిని మరీ గారం చేశాం. ఈ అయిదోది ఉంచండి. మిగతావి పీకే పని కూడా లేదు."

హమ్ము కళ్ళు తుడుచుకున్నాడు. "దీనికి రబాత్ నుంచి రావాలా? నా గొర్రెల్ని అడిగితే చెప్పేవిగా," అంది ఇత్తో.

మరుసటి ఏడాది మేపు పద్ధతుల పట్టికలో నాలుగోది కొత్తగా చేరింది: కాపలాదారుకు టీ, ఒక గ్లాసు.