పట్టికలో పదకొండు కుళాయిలు

ఆ సోమవారం పదకొండు గంటలకల్లా పని ముగించుకుని, భవానీపూర్‌లో మెట్రో మెట్ల పక్కన నిలబడి ప్రశాంతంగా ఒక ఎగ్‌రోల్ తినాలని జ్యోతిరాణి అనుకుంది. మధ్యలో అడ్డున్నవి నాలుగు వందల కుళాయిలు మాత్రమే.

ఆమె పనిచేసే చిన్న కంపెనీ, వీధి కుళాయిలన్నిటినీ మ్యాపు మీదికి ఎక్కించే కాంట్రాక్టు తీసుకుంది. ఒక్కో కుళాయికీ పట్టికలో ఒక వరుస: దాని పేరు, వీధి, భూమ్మీద అది ఉన్న చోటు. మిగతావాళ్లు ఆ వరుసల్ని వేళ్లు నొప్పెట్టేదాకా చేత్తో కొట్టేవారు. జ్యోతిరాణి మాత్రం పైథాన్ అనే కంప్యూటరు భాషలో ఇరవై లైన్ల స్క్రిప్టు రాసుకుంది. సర్వే ఫోన్లలోంచి వచ్చిన ఫైలును అది చదువుతుంది. ఆ పేరుతో వరుస ముందే ఉంటే వదిలేస్తుంది, లేకపోతే కొత్తది చేరుస్తుంది. అంతకు మించి దానికి లోకజ్ఞానం లేదు.

ఈసారి ఫైలు ఏక్‌బాల్‌పూర్‌ది. జ్యోతిరాణి వాళ్ల సందూ అందులోదే. ఓడరేవు పనికని శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన పదకొండు కుటుంబాలు, నూట ఇరవై అడుగుల సందు, అందరికీ కలిపి ఒక్క కుళాయి. నెలాఖరుకు పట్టికలో లేని కుళాయికి నీళ్లు ఆపేస్తామని నీళ్ల ఆఫీసు కాగితం పంపింది. సర్వే మనిషి సందు మొదట్లో టీ తాగి వెనక్కి పోతాడేమోనన్న భయంతో జ్యోతిరాణి సర్వే ఫోనును తానే ఇంటికి తెచ్చి మామ్మ కాసులమ్మ చేతిలో పెట్టింది. "కుళాయి కాడ నిలబడి, దాని పేరు చెప్పి, ఈ బొత్తాం నొక్కు మామ్మా" అని చెప్పి బస్సెక్కింది.

మామ్మ నొక్కింది. సోమవారం స్క్రిప్టు నడిచింది. నాలుగు వందల పన్నెండు కొత్త వరుసలు చేరాయని తెర మీద వచ్చింది. పాత జాబితా ప్రకారం నాలుగు వందల రెండే రావాలి. పది ఎక్కువ దొరికాయని అందరూ అన్నగా పిలుచుకునే ఆఫీసు పెద్ద సుబీర్ దా పొంగిపోయాడు. 'కాసులమ్మ కుళాయి' ఉందా లేదా అని జ్యోతిరాణి వెతికింది. ఉంది. గుండె నిమ్మళించి, వెళ్లి ఎగ్‌రోల్ తిన్నది.

గురువారం పొద్దున్నే ఆఫీసులో ఫోను మోగింది.

"ఓలే గుంటా, నీ కంప్యూటరు మన సందుకి మనిషిని తోలిందటే! కుళాయిలకి మూతలు బిగించీత్తానంతన్నాడు. ఒకటి కాదు, పదంట!"

"పదేటి మామ్మా? మనకున్నదే ఒకటి కదా!"

"ఆ ముక్క నానూ అన్నాను. కాయితంలో పదకొండున్నాయంట. పేర్లెట్టి మరీ సదివినాడు."

జ్యోతిరాణి పట్టిక తెరిచింది. కాసులమ్మ కుళాయి కింద అప్పమ్మ కుళాయి ఉంది. దాని కింద మందసోళ్ల కుళాయి, సోంపేటోళ్ల కుళాయి, క్రేను డ్రైవరుగారి కుళాయి, అలా ఇంకా ఉన్నాయి. ఆమెకు అప్పుడు వెలిగింది. ఆ సందులో దాన్ని వట్టి కుళాయి అన్నవాళ్లు ఈనాటి వరకూ ఒక్కరూ లేరు. ఏ ఇంటివాళ్లకు అది ఆ ఇంటి కుళాయే. మామ్మ బొత్తాం నొక్కగానే ఫోను అప్పమ్మ చేతికి, అక్కణ్నించి మందసోళ్ల చేతికి, అలా ఇంటింటికీ తిరిగి ఉంటుంది. ఇరుకు సందులో తానెక్కడుందో తెలియక ఫోను కూడా తడబడి ఒక కుళాయిని మంగలి షాపులో, ఒకదాన్ని మేడ మీద, ఇంకొకదాన్ని రేవు గోడ అవతల నీళ్లలో పెట్టింది. పేర్లు వేరు, చోట్లు వేరు. స్క్రిప్టు ఎందుకు అనుమానిస్తుంది? ఇంత చిన్న సందుకు ఒకటి చాలు, మిగతా పదీ మూసేయండని ఆ పట్టిక చూసిన నీళ్ల ఆఫీసు ఉత్తర్వు ఇచ్చింది.

"దాదా, పది వరుసలు తీసేయాలి" అంది సుబీర్ దాతో.

ఆయన మట్టికప్పు బల్ల మీద పెట్టాడు. "మనకి చేర్చే అధికారమే ఉందమ్మా. తీయాలంటే ఫైలు కదలాలి. మూడు సంతకాలు, పదిహేను రోజులు."

"మూత బిగించేది ఇవాళే దాదా!"

"అయితే ఇక్కడేం చేస్తున్నావ్? పరుగెత్తు."

ఆమె చేరేసరికి నీళ్ల ఆఫీసు మేస్త్రీ, వాళ్ల శ్రీకాకుళం వైపువాడే అయిన ఢిల్లీశ్వరరావు, కుళాయి గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. కాళ్ల దగ్గర పది ఇనుప మూతలున్నాయి. చుట్టూ సందులోని ఆడవాళ్లంతా ఉన్నారు.

"బాబూ, నాదొగ్గీ. అప్పమ్మది బిగించీ. దాందెప్పుడూ కారతాది" అంటోంది కాసులమ్మ.

"ఏటొదినా, నాది కారితే నీ బిందెలెలా నిండుతున్నాయి?"

"నిండేది నా కుళాయిలో!"

"ఏదీ నీ కుళాయి, సూపించు!"

ఇద్దరూ చెరో వైపు నుంచి ఒకే కుళాయికి వేలు పెట్టి చూపించారు.

"తల్లీ, మీ తగువు నాకొద్దు" అన్నాడు ఢిల్లీశ్వరరావు. "పది మూతలిచ్చినారు, పది ఫొటోలెట్టమన్నారు. మూతలు ఎనక్కి అట్టికెళ్తే పనెగ్గొట్టి తొంగున్నానంతారు. దీనికే ఒక మూత బిగించీసి ఎల్లిపోతాను. తరవాత మీరూ ఆఫీసోల్లూ సూసుకోండి." పానా పైకెత్తాడు.

ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగని జ్యోతిరాణి ఆ పానాకూ కుళాయికీ మధ్య తన చెయ్యి పెట్టింది.

"మావయ్యా, కాయితంలో ఏం రాశారో ఒక్కసారి చదువు."

"కుళాయికి మూత బిగించి ఫొటో తీయవలెను."

"ఆ తరవాత?"

"తరవాతేటుంది, సంతకం."

"బిగించిన మూత విప్పకూడదని ఉందా?"

ఢిల్లీశ్వరరావు కాగితం తిరగేశాడు. వెనక ఏమీ లేదు. అతని ముఖం మెల్లగా విప్పారింది.

ఇక సందు సందంతా పెళ్లి సందడి. ఫొటో అనగానే నాది వదిలేయమన్నవాళ్లే నాది ముందు మూయమని ఎగబడ్డారు. అప్పమ్మ పట్టుచీర కట్టుకొచ్చి కుళాయి పక్కన మెడ నిటారుగా పెట్టి నిలబడింది. మందసోళ్లు మూతకు పసుపు రాసి బొట్టు పెట్టారు. క్రేను డ్రైవరుగారి భార్య బంతిపూల దండ వేసింది. "చచ్చినోల్లకేసినట్టు ఏటే అది!" అని నలుగురు తిడితే తీసి తల్లో పెట్టుకుంది. మేస్త్రీ పది వైపుల నుంచి పది సార్లు బిగించాడు, పది సార్లు విప్పాడు. పదో ఫొటో అయ్యాక చూస్తే మిగిలింది కాసులమ్మ ఒక్కతే.

"మరి నాకు ఫొటో?"

"నాదొగ్గీమన్నావు కదా పిన్నీ. ఒగ్గీసినాను."

కాసులమ్మ రెండు రోజులు అన్నం సయించక తిరిగింది.

ఆ ఫొటోలు ఆఫీసుకు చేరాక, 'మూసిన కుళాయిలు' అనే పట్టికలో జ్యోతిరాణి స్క్రిప్టు పది వరుసలు చేర్చింది. పదకొండులో పది మూత, ఒకటి బతికి ఉంది. పట్టికా సందూ మొదటిసారి ఒకే మాట చెప్పాయి. కుళాయి దక్కిందని ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఆ ఊపిరి ఎనిమిది రోజులు నిలిచింది. నీళ్ల ఆఫీసులో ఎవరో కొత్త అధికారి ఆ రెండో పట్టిక తిరగేసి, ఒకే సందులో ఒకే రోజున పది కుళాయిలు మూతపడ్డాయని చూసి చలించిపోయాడు. పదీ వారంలో తిరిగి పెట్టాలని అత్యవసర ఉత్తర్వు వేశాడు. ఢిల్లీశ్వరరావు ఈసారి ముగ్గురు మనుషులతో, కొత్త పైపులతో దిగాడు.

"ఇదేటి మావయ్యా?"

"నాకేటి తెల్సమ్మా? బిగించమంతే బిగిత్తాను, ఎట్టమంతే ఎడతాను."

కాసులమ్మది తప్ప ప్రతి గుమ్మం ముందూ ఒక మెరిసే కుళాయి వెలిసింది. పాతదానితో కలిపి పదకొండు కొబ్బరికాయలు పగిలాయి. మర్నాడు పొద్దున అందరూ ఒకేసారి తిప్పారు. భూమిలో ఉన్న పైపు మాత్రం ఆ పాతదొక్కటే కనుక, పదకొండు కుళాయిల్లోనూ కుట్టుదారమంత ధార వచ్చింది. బిందె నిండేసరికి ఒక పూట పట్టింది. అంతకన్నా కష్టం, ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుంటే తిట్టడానికి మనిషి లేకపోవడం.

మూడో రోజు అప్పమ్మ తన కుళాయిలో చీర పీలిక కుక్కి, తాడుతో బిగించి, బిందె చంకనెత్తుకుని పాత కుళాయి దగ్గరికొచ్చింది.

"నీ గుమ్మంలో ఉంది కదేటొదినా?" అంది కాసులమ్మ.

"ఉంది. దానికి నోరు లేదు."

సాయంత్రానికి మిగతా తొమ్మిది కుళాయిలకూ పీలికలు పడ్డాయి. పాత కుళాయిలో ధార మళ్లీ మణికట్టంత అయింది, దాని ముందు వరుస కట్టింది, వరుసలో జగడం మొదలైంది.

జ్యోతిరాణి మర్నాడు ఆఫీసులో పట్టికలు తెరిచి, పదకొండులో పది మూత, ఒకటి తెరిచి ఉందని సరిచూసుకుంది. ఎక్కడా ఒక్క అక్షరం మార్చవలసిన పని కనిపించలేదు.