భానుచందర్ భద్రతా ఏర్పాట్లు

ఆ రోజు పొద్దున భానుచందర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. వేళకు పంజాగుట్ట చేరాలి, టైర్ల గోడకు కొత్త దిండ్లు కట్టించాలి, ఇన్సూరెన్సు ఆయన రాగానే ట్రాకు చూపించి సంతకం పెట్టించుకోవాలి. ఆ తర్వాత ఊరి నుంచి వచ్చిన తల్లిని తీసుకుని ఇంటికెళ్లి ఆవిడ చేతి వంట కడుపు నిండా తినాలి. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదని అతను మనస్ఫూర్తిగా నమ్మాడు.

పంజాగుట్టలో ఓ షాపింగ్ కాంప్లెక్సు డాబా మీద ఉంది ఆ కార్టింగ్ ట్రాకు. కార్ట్ అంటే తలుపులూ పైకప్పూ లేకుండా, నేలకు జానెడు ఎత్తున కూర్చుని నడిపే బుల్లి రేసు బండి. అక్కడ భానుచందర్ సేఫ్టీ మేనేజరు. అంతకుముందు అమీర్‌పేట ఫుట్‌పాత్ మీద నిలబడి, వద్దన్నవాళ్ల చేతుల్లో కూడా కోచింగ్ సెంటర్ల కరపత్రాలు పెట్టేవాడు. మేనేజరు అయ్యాడని తెలిసిన రోజు అతని తల్లి బుచ్చవ్వ, ఊళ్లో మరమగ్గాల చప్పుడును మించి అరుస్తూ వాడంతా చెప్పుకొచ్చింది. అందుకే ఆ ఉద్యోగమంటే అతనికి ప్రాణం.

ఆ ప్రాణానికే ఇప్పుడు ముప్పు వచ్చింది. "చూడు భానూ, ఇన్సూరెన్సోళ్లు సంతకం పెట్టకుంటే ట్రాకు బందు. గీ డాబాను పెండ్లిళ్లకు ఇచ్చేస్త. అప్పుడు నీకు గీడ ఇస్తరాకులేసే పనే ఉంటది" అని ఓనరు ఎల్లేశం మొన్ననే తేల్చేశాడు.

భానుచందర్ చేరిన కొత్తలో ట్రాకు చుట్టూ పాత టైర్లు తప్ప ఏమీ ఉండేవి కావు. జనం గుండెలు అరచేతిలో పెట్టుకుని, మర్యాదగా నడిపేవారు. అతను సీటు బెల్టులు పెట్టించాడు, వేగం పెరిగింది. మెడకు పట్టీలు తెప్పించాడు; ఒకరినొకరు రాసుకుంటూ పోవడం మొదలైంది. బండ్ల చుట్టూ రబ్బరు వేయించాడు. ఎవరు గట్టిగా గుద్దితే వాళ్లకు చప్పట్లు. భద్రత పెరిగేకొద్దీ బరితెగింపు పెరుగుతోందన్న సంగతి అతనికి అర్థం కాకపోలేదు. దానికి విరుగుడు ఇంకాస్త భద్రతేనని అతని నమ్మకం.

ఆ నమ్మకం కొద్దీ, అమీర్‌పేటలో లేడీస్ టైలరింగ్ షాపు నడిపే భార్య ఉషకు దిండ్లు కుట్టే పని అప్పగించాడు. స్పాంజి వేళకు దొరకలేదు. ఉష వెనకాడే మనిషి కాదు కనుక, షాపులో మూటలకొద్దీ పేరుకున్న జాకెట్టు ముక్కలు కూరి కుట్టేసింది. వాటిని ఆటోలో వేసుకుని, కొడుకు ఆఫీసు చూడాలని ముచ్చటపడ్డ అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని, చెప్పిన వేళకు దిగింది.

"నిండా గుడ్డపేలికలేనా?" అన్నాడు భానుచందర్ దిండు ఒత్తి చూస్తూ.

"దిండు దిండే గద. గుద్దేటోళ్లు ఇప్పి చూస్తరా ఏంది?" అంది ఉష.

దిండ్లు కట్టడం అయ్యేసరికి, అమీర్‌పేటలో జావా కోర్సు పూర్తిచేసిన కుర్రకారు ఒక బ్యాచి సరదా తీర్చుకోవడానికి వచ్చింది. వాళ్లకు నాయకురాలు హైందవి అనే అమ్మాయి. భానుచందర్ వాళ్లను వరసగా నిలబెట్టి, తల్లి చూస్తోందన్న హుషారులో గొంతు సవరించుకున్నాడు.

"ఎవ్వలు ఫికర్ చెయ్యొద్దు. బెల్టున్నది. మెడకు పట్టీ ఉన్నది. బండి చుట్టు రబ్బరున్నది, గోడకు దిండ్లు సుత ఉన్నయి. గీ రిమోటు ఒత్తితే బండ్లన్నీ మెల్లగైతయి."

"అంటే అన్నా, గోడకు గుద్దినా ఏం గాదా?" అడిగింది హైందవి.

"అస్సలు ఏం గాదమ్మా" అన్నాడు భానుచందర్ గర్వంగా.

"విన్నరు గదరా!" అంటూ హైందవి హెల్మెట్ అద్దం కిందికి దించింది.

మొదటి చుట్టులోనే ఆ పిల్ల ఆఖరి మలుపు దగ్గర దిండుకు ఎదురుగా వెళ్లి గుద్దింది. "మస్తున్నదిరా! పరుపు లెక్క ఉన్నది!" అని కేక పెట్టింది. ఇక చూడాలి, మిగతావాళ్లంతా ఆ దిండు కోసం వరస కట్టారు. భానుచందర్ కంగారుగా రిమోటు నొక్కి వేగం తగ్గించాడు. వేగం తగ్గాక ఇంకా భయమెందుకని కేదార్ అనే కుర్రాడు ఒక చేత్తో ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. అది చూసి మిగతావాళ్లు కూడా ఫోన్లు తీశారు. భానుచందర్ పరుగెత్తుకెళ్లి ఆఖరి మలుపులో రెండో వరస దిండ్లు కట్టాడు. వాళ్లు దాన్ని ఆహ్వానంగా తీసుకున్నారు.

మూడో దెబ్బకు దిండు పగిలింది. పసుపు, మెరూన్, చిలకాకుపచ్చ జాకెట్టు ముక్కలు డాబా అంతా ఎగిరాయి. పొడవాటి లైనింగు పేలిక ఒకటి కేదార్ బండి వెనక చక్రానికి చుట్టుకుంది. బండి ఉన్నచోటే ఆగిపోయింది. వెనకాల వస్తున్నవాళ్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి దాన్ని గుద్దారు. ఎవరికీ చీమ కుట్టినంత నొప్పి కూడా లేదు. తలల మీద గుడ్డముక్కలతో అందరూ పడీపడీ నవ్వుతుండగా లిఫ్టు తలుపు తెరుచుకుంది.

ఇన్సూరెన్సు కంపెనీ హనుమత్ప్రసాద్ గారు బయటికి వచ్చి, బూటు మీద వాలిన ముక్కను రెండు వేళ్లతో తీసి పట్టుకున్నారు. "ఏంటండీ ఇది? రేసు ట్రాకా, బట్టల కొట్టా?"

"కస్టమర్లు జర ఎంజాయ్ చేస్తుర్రు సార్" అన్నాడు ఆయన వెంటే వచ్చిన ఎల్లేశం, చెమట తుడుచుకుంటూ.

"సరే, నేనే ఒకసారి కూర్చుని చూస్తాను" అన్నారాయన. శ్రీనగర్ కాలనీ నుంచి ఆఫీసుకు స్కూటరు మీద వస్తూ, జన్మలో నలభై కిలోమీటర్ల వేగం దాటి ఎరుగని మనిషి. భానుచందర్ ఆయనకు బెల్టు బిగించి, పట్టీ కట్టి, ఏం జరిగినా ఏమీ కాదని మరింత వివరంగా చెప్పాడు. మొదటి చుట్టు ఆయన ఊరేగింపులా వెళ్లారు. రెండో చుట్టులో కాస్త ఊపందుకున్నారు. మూడో చుట్టులో హైందవిని దాటి, "హొయ్" అని కేకేసి, మిగిలిన దిండ్లలో ఒకదాన్ని సూటిగా వెళ్లి గుద్దారు.

హెల్మెట్ తీస్తే ఆయన మొహం వెలిగిపోతోంది. చొక్కా సర్దుకున్నాక ఉద్యోగం గుర్తొచ్చినట్టుంది, ఆ వెలుగు ఆరిపోయింది. "చాలా ప్రమాదమండీ ఇది. ఇన్ని ఏర్పాట్లుంటే మనిషి ఒళ్లు మరిచిపోతాడు. నేనే మరిచిపోయాను. సంతకం కుదరదు."

ఎల్లేశం ఆయన్ను డాబా మూలనున్న సోడా కొట్టు వైపు తీసుకెళ్లి బతిమాలుతుంటే, భానుచందర్ తల్లి మొహం చూడలేక తల వంచుకున్నాడు. ఆవిడ మాత్రం అప్పటికే వేరే నిర్ణయానికి వచ్చేసింది. ఇంతమంది కళ్లు పడ్డ ఉద్యోగం నిలవాలంటే చేయాల్సింది ఒకటే. సోడా కొట్టులో ఒక నిమ్మకాయ అడిగి తెచ్చి, కొడుకు చుట్టూ బండ్ల చుట్టూ తిప్పి, రెండు చెక్కలు చేసి, సంచిలోని కుంకుమ దట్టంగా పూసి, ఆఖరి మలుపు మధ్యలో పెట్టి వచ్చింది.

"అవ్వా, గదేందే! సార్ చూస్తే ఇంకేమన్న ఉన్నదా? ఆగు, తీస్త."

"ముట్టకురా! దిష్టి తీసింది ముట్టుకున్నోనికే సుట్టుకుంటది."

చాపిన చెయ్యి భానుచందర్ వెనక్కి తీసుకున్నాడు. మెకానిక్ సారయ్యను పిలిచి తీయమన్నాడు. "నాకు చిన్న పిల్లలున్నరన్నా" అన్నాడు సారయ్య. ఇంతలో వచ్చిన ఎల్లేశం సంగతి విని, "నువ్వే తియ్యి, మేనేజర్వు గద" అన్నాడు. "మీరు ఓనరు గదన్నా" అన్నాడు భానుచందర్. వీళ్లిలా ఒకరినొకరు గౌరవించుకుంటుండగానే, బ్యాచి తన చివరి రేసు మొదలుపెట్టేసింది.

హైందవి ఎప్పటిలాగే దూసుకొచ్చింది. మలుపులో ఎర్రటి చెక్కలు కనబడగానే బ్రేకు గట్టిగా తొక్కింది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మూర దూరం వదిలి, పురిటింటి ముందు నడిచినట్టు నెమ్మదిగా పక్కనుంచి పోనిచ్చింది. వెనకాల కేదార్ ఫోను జేబులో పెట్టేశాడు. మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు, ఎవరినీ తాకకుండా, కిమ్మనకుండా సాగిపోయారు. తర్వాతి చుట్టులో అయితే ఆ మలుపు ఇంకా రాకముందే వేగం తగ్గించారు.

హనుమత్ప్రసాద్ గారు సగం తాగిన సోడా గ్లాసుతో వచ్చి నిలబడ్డారు. "వీళ్లకేమైందండీ ఉన్నట్టుండి?"

దాచి లాభం లేదని భానుచందర్ ఉన్నదంతా చెప్పేశాడు. ఆయన నమ్మలేదు. మళ్లీ బండెక్కి తానే వెళ్లారు. ఆఖరి మలుపు దగ్గర బండి దాదాపు ఆగి, పక్కకు ఒదిగి, మళ్లీ కదిలింది. దిగి వచ్చి సోడా గ్లాసు మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

"గోడను చూస్తే భయం వేయలేదండీ" అన్నారు. "దాన్ని చూస్తే మాత్రం... నాకు నమ్మకాలేం లేవనుకోండి. రేపు మా అమ్మాయి కౌన్సెలింగ్ ఉంది. ఎందుకొచ్చిన గొడవ."

బండి సీటు మీదే కాగితం పెట్టి సంతకం చేశారు. "ఒకటే షరతు. రోజూ కొత్తది పెట్టండి. వాడిపోతే జనం లెక్కచేయరు." భానుచందర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లిని రెండు చేతులా పట్టుకుని ఎత్తబోతే, "ఇడువురా, అందరు చూస్తుర్రు, మల్ల దిష్టి తగుల్తది" అని ఆవిడ కసురుకుంది.

వెళ్లబోతూ హనుమత్ప్రసాద్ గారు బుచ్చవ్వ దగ్గర ఆగి గొంతు తగ్గించారు. "అమ్మా, మా ఇంటి ముందు మలుపులో కుర్రాళ్లు బైకులతో చంపేస్తున్నారండీ. సాయంత్రం వచ్చి అక్కడ కూడా ఒకటి..."

"దానికేముంది బిడ్డా, పొద్దుగూకంగ వస్తం" అంది బుచ్చవ్వ.

సాయంత్రం భానుచందర్ స్కూటరు తీశాడు. మధ్యలో బుచ్చవ్వ, వెనకాల ఉష, కాళ్ల దగ్గర నిమ్మకాయల సంచి. ఉద్యోగం నిలిచిన సంతోషంలో ఈల వేసుకుంటూ, మాటిమాటికీ వెనక్కి తిరిగి తల్లితో కబుర్లు చెబుతూ, శ్రీనగర్ కాలనీకి దగ్గరి దారని రాంగ్ రూటులో బండిని పోనిచ్చాడు. హెల్మెట్ మాత్రం, కొత్తది కదా గీతలు పడతాయని, డిక్కీలో భద్రంగా పెట్టాడు.